ఇంటి భాషలో భౌతికశాస్త్రం రాసిన గెలీలియో

మన బడుల్లో సైన్సు పాఠం తెలుగులో చెబుతున్నామంటే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఇంట్లో మాట్లాడుకునే భాషలో భౌతికశాస్త్రం పట్టుబడుతుందా? హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా తల్లిదండ్రుల మనసులో ఈ సందేహం ఉంటుంది. జవాబు కోసం నాలుగు వందల ఏళ్ల వెనక్కి, ఇటలీకి వెళ్లాలి. వస్తువులు ఎలా పడతాయో, ఎలా కదులుతాయో కొలిచి చెప్పిన మనిషికి కూడా ఇదే ప్రశ్న ఎదురైంది. ఆ రోజుల్లో చదువంటే లాటిన్. ఇంటి భాష ఇటాలియన్. ఆయన ఇంటి భాషను ఎంచుకున్నాడు. అందుకు లాభమూ పొందాడు, మూల్యమూ చెల్లించాడు.

సంగీతకారుడి కొడుకు

గెలీలియో గెలీలీ 1564 ఫిబ్రవరి 15న పీసా నగరంలో పుట్టాడు. తండ్రి విన్చెంజో సంగీత విద్వాంసుడు. ల్యూట్ అనే తీగవాద్యం వాయించేవాడు, సంగీతశాస్త్రం మీద పుస్తకాలు రాశాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. పేరు మాత్రం ఉండేది.

ఆ తండ్రికి ఒక అలవాటుంది. పాత పుస్తకంలో రాసి ఉందని దేన్నీ నమ్మడు, తీగ బిగించి చూస్తాడు. తీగకు వేలాడదీసిన బరువును రెట్టింపు చేస్తే స్వరం పై స్థాయికి చేరుతుందని అంతకుముందు పండితులు రాసుకుంటూ వచ్చారు. విన్చెంజో బరువులు కట్టి చూశాడు. పై స్థాయి రావాలంటే బరువు రెట్టింపు చాలదు, నాలుగు రెట్లు కావాలి. మన వీణ తీగకైనా ఇదే లెక్క. పుస్తకం ఒకటి చెబుతుంటే తీగ మరొకటి చెబితే తీగ మాటే వినాలన్న పాఠం గెలీలియోకు ఇంట్లోనే దొరికింది.

కొడుకు వైద్యుడైతే కుటుంబం నిలదొక్కుకుంటుందని తండ్రి ఆశ. 1581లో పీసా విశ్వవిద్యాలయంలో వైద్యంలో చేర్చాడు. కుర్రవాడి మనసు మాత్రం లెక్కల మీద పడింది. ఒస్తీలియో రిచ్చీ అనే గణిత పండితుడి దగ్గర యూక్లిడ్ రేఖాగణితం, ఆర్కిమెడిస్ రచనలు చదివాడు. 1585లో పట్టా లేకుండానే విశ్వవిద్యాలయం వదిలేశాడు. ఏ తల్లిదండ్రులకైనా గుండె గుభేలుమనే సంగతే. ఆ మరుసటి ఏడాదే వస్తువులను నీటిలో తూచే చిన్న త్రాసు మీద ఒక వ్యాసం రాశాడు. అది ఇటాలియన్‌లోనే ఉంది.

1589లో పీసాలోనే లెక్కల ఉపాధ్యాయుడిగా ఉద్యోగం దొరికింది. జీతం ఏడాదికి 60 స్కూదీలు, చాలా తక్కువ. 1591లో తండ్రి పోయాడు. పెద్దకొడుకు కాబట్టి చెల్లెళ్ల కట్నాల భారం ఆయన మీదే పడింది. 1592లో వెనిస్ రాజ్యంలోని పాదువా విశ్వవిద్యాలయానికి మారి, అక్కడ పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. జీతం చాలక ఇంట్లో విద్యార్థులకు వసతి ఇచ్చి, విడిగా పాఠాలు చెప్పేవాడు. ఒక పనివాడిని పెట్టుకొని కొలతల పరికరాలు చేయించి అమ్మేవాడు. శాస్త్రవేత్త అనగానే మనం ఊహించుకునే తీరిక ఆయనకు ఎన్నడూ లేదు.

బరువైన రాయి, తేలికైన రాయి

ఆ కాలపు పాఠం అరిస్టాటిల్ చెప్పింది. బరువైన వస్తువు వేగంగా, తేలికైనది నెమ్మదిగా పడుతుందని అందరూ నమ్మేవారు. గెలీలియో దీన్ని ముందు ఆలోచనతోనే పరీక్షించాడు. పెద్ద రాయి వేగంగా, చిన్న రాయి నెమ్మదిగా పడతాయనుకుందాం. రెండింటినీ తాడుతో కట్టి వదిలితే? నెమ్మదిగా పడే చిన్న రాయి పెద్ద రాయిని వెనక్కి లాగాలి, కాబట్టి జంట వేగం తగ్గాలి. కానీ రెండూ కలిస్తే బరువు ఇంకా ఎక్కువ, కాబట్టి వేగం పెరగాలి. ఒకే జంట ఒకేసారి నెమ్మదిగానూ వేగంగానూ పడలేదు. అంటే మొదటి నమ్మకంలోనే తప్పుంది. గాలి అడ్డు లేకపోతే రెండూ కలిసే పడతాయి.

పీసాలోని వాలిన గోపురం ఎక్కి ఆయన రెండు గుండ్లు పడేశాడన్న కథ పిల్లలందరికీ తెలుసు. ఆ కథను ఆయన చనిపోయాక శిష్యుడు వివియానీ రాశాడు. ఆ కాలం నాటి వేరే ఆధారం దొరకలేదు. కాబట్టి తరగతిలో దాన్ని కథగా చెప్పడం మంచిది. దానికి బదులు ఆయన నిజంగా చేసిన ప్రయోగం ఉంది, అది ఇంకా గొప్పది.

వాలు బల్ల మీద కంచు గుండు

పడే వస్తువును కొలవడంలో చిక్కు ఏమిటంటే అది మరీ త్వరగా పడిపోతుంది. సెకనులో భాగాలను కొలిచే గడియారం అప్పుడు లేదు. ఆయన చేసిన ఉపాయం పతనాన్ని నెమ్మది చేయడం. సుమారు 7 మీటర్ల పొడవైన చెక్క దూలం తీసుకొని, దాని మీద తిన్నని గాడి తొలిచి, నున్నని తోలు కాగితం అంటించి, ఒక చివర కాస్త ఎత్తి పెట్టాడు. గుండ్రని కంచు గుండును గాడిలో దొర్లించాడు. కాలం కొలవడానికి పెద్ద పాత్రలో నీళ్లు పోసి, అడుగున సన్నని గొట్టం పెట్టాడు. గుండు దొర్లినంతసేపు కారిన నీటిని పట్టి తూచాడు. నీరెంత ఎక్కువైతే కాలం అంత ఎక్కువ.

ఒక్కసారి చేసి వదల్లేదు. వాలు మార్చి, దూరం మార్చి, మళ్లీ మళ్లీ చేశాడు. తేలిన నియమం చిన్నది, అందమైనది. మొదటి క్షణంలో గుండు ఒక అడుగు దొర్లితే, రెండో క్షణంలో మూడు అడుగులు, మూడోదానిలో ఐదు, నాలుగోదానిలో ఏడు. ఇవి బేసి సంఖ్యలు. మొత్తం దూరాలు కూడితే 1, 4, 9, 16. ఇవి వర్గ సంఖ్యలు. ఆరో తరగతి లెక్కల్లో బేసి సంఖ్యలు కూడితే వర్గాలు వస్తాయని చెబుతాం కదా, ఆ లెక్కే ఇక్కడ రాయి పడే తీరులో కనిపిస్తుంది.

దీని అర్థం వేగం ప్రతి క్షణమూ సమానంగా పెరుగుతోందని. వేగం పెరిగే ఈ రేటునే త్వరణం అంటాం. నేల దగ్గర స్వేచ్ఛగా పడే రాయి వేగం ప్రతి సెకనులోనూ సుమారు సెకనుకు 9.8 మీటర్ల మేర పెరుగుతుందని మన పుస్తకాల్లో ఉంటుంది. ఆ అంకె తర్వాతి వారు తేల్చినది. నియమం గెలీలియోది.

లోలకం మీద కూడా ఇలాగే పనిచేశాడు. దారానికి కట్టిన గుండు చిన్నగా ఊగినా, ఇంకాస్త పెద్దగా ఊగినా, ఒక ఊపుకు పట్టే కాలం దాదాపు ఒకటే. గుండు బరువు మారినా కాలం మారదు. దారం పొడవు నాలుగు రెట్లు చేస్తే కాలం రెట్టింపు అవుతుంది. పెద్ద ఊపుల్లో కాలం కొంచెం మారుతుందని తర్వాతి వారు చూపించారు. ఆయన దాన్ని పూర్తిగా ఒకటే అనుకున్నాడు. పెద్దవాళ్లు కూడా పొరపడతారని పిల్లలకు చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

ఏ భాషలో రాయాలి?

1609లో హాలండ్ నుంచి దుర్భిణి కబురు వచ్చింది. గెలీలియో సొంతంగా కటకాలు సానపట్టి ఇంకా మంచిది చేశాడు. 1610 జనవరిలో గురుగ్రహం పక్కన నాలుగు చిన్న చుక్కలు రోజురోజుకూ చోటు మారడం చూశాడు. అవి గురుడి చుట్టూ తిరిగే చంద్రులు. అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న పాత పాఠానికి అది పెద్ద దెబ్బ. ఆ సంగతిని చిన్న పుస్తకంగా లాటిన్‌లో అచ్చు వేయించాడు. ప్రాగ్‌లో ఉన్న కెప్లర్ వంటి వారికి అది నెలల్లోనే చేరింది. యూరప్ అంతటా పేరు వచ్చింది. అదే ఏడాది ఫ్లోరెన్స్ ప్రభువు కొలువులోకి వెళ్లాడు.

ఇక మిగిలిన జీవితమంతా లాటిన్‌లోనే రాసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన అలా చేయలేదు. 1612లో నీటిలో తేలే వస్తువుల మీద పుస్తకం ఇటాలియన్‌లో వచ్చింది. మంచుగడ్డ ఎందుకు తేలుతుందన్నది అందులో అసలు వాదం. అది పలచగా, వెడల్పుగా ఉండటం వల్ల తేలుతుందని ఎదుటి పండితుల మాట. ఆకారం కారణం కాదు, అంతే పరిమాణం ఉన్న నీటికంటే తేలిక కాబట్టే తేలుతుందని గెలీలియో మాట. మరుసటి ఏడాది సూర్యుడి మీద మచ్చల గురించిన పుస్తకం కూడా ఇటాలియన్‌లోనే వచ్చింది.

ఎందుకిలా రాశాడో ఒక స్నేహితుడికి ఉత్తరంలో వివరించాడు. లాటిన్ రాదు కాబట్టి పుస్తకాలన్నీ తమ తెలివికి అందని గొప్ప సంగతులని మామూలు జనం అనుకుంటారు. ప్రకృతి వారికీ చూసే కళ్లిచ్చింది, ఆలోచించే బుర్ర ఇచ్చింది అన్నది ఆయన భావం. పాదువాలో ఉన్నప్పుడు, 1604లో ఆకాశంలో కొత్త నక్షత్రం కనిపించినప్పుడు, ఆ చుట్టుపక్కల పల్లెల యాసలో ఇద్దరు రైతులు దాని గురించి మాట్లాడుకునే చిన్న పుస్తకం ఒకటి 1605లో వచ్చింది. దాని వెనుక గెలీలియో మిత్రబృందం ఉందని చరిత్రకారులు భావిస్తారు.

దీనికి ఇబ్బందీ ఉంది. సూర్యుడి మచ్చల మీద ఆయనతో వాదించిన జర్మన్ పండితుడు షైనర్‌కు ఇటాలియన్ రాదు. గెలీలియో జవాబులను ఆయన అనువాదం చేయించుకుని చదవాల్సి వచ్చింది. ఇంటి భాష ఇంటి వాళ్లకు తలుపు తెరిచింది, బయటివాళ్లకు కొంతకాలం మూసింది. రెండూ నిజమే.

ఓడ గదిలో ఒక ప్రయోగం

1632లో ఆయన పెద్ద పుస్తకం ఫ్లోరెన్స్‌లో అచ్చయింది. ముగ్గురు మిత్రులు నాలుగు రోజులు కూర్చుని మాట్లాడుకునే సంభాషణ అది. భూమి తిరుగుతోందా, సూర్యుడు తిరుగుతున్నాడా అన్నది చర్చ. భాష ఇటాలియన్.

భూమి తిరుగుతుంటే పైకి విసిరిన రాయి వెనక ఎక్కడో పడాలి కదా అని ఆనాటి పండితులు అడిగేవారు. మన పిల్లలూ అదే అడుగుతారు. గెలీలియో జవాబు ఓడలో ఉంది. ఓడ లోపలి గదిలో, కిటికీలు మూసి, కొన్ని ఎగిరే పురుగులను, గిన్నెలో చేపను, పైనుంచి చుక్కచుక్కగా కారే నీటిని ఉంచమంటాడు. ఓడ ఆగి ఉన్నప్పుడు చుక్కలు సరిగ్గా కింది పాత్రలోనే పడతాయి. ఓడ కుదుపు లేకుండా ఒకే వేగంతో సాగుతున్నప్పుడూ సరిగ్గా అక్కడే పడతాయి. పురుగులు వెనక గోడకు కొట్టుకోవు. లోపల కూర్చున్నవాడికి ఓడ కదులుతోందో లేదో తెలియదు. చుక్కకు, పురుగుకు, మనిషికి ఓడ వేగం ముందే ఉంది కాబట్టి.

మనకు ఓడ అక్కర్లేదు, రైలు చాలు. సాఫీగా పోతున్న రైలు పెట్టెలో పైకి వేసిన నాణెం మళ్లీ మన చేతిలోనే పడుతుంది. కదులుతున్న వస్తువు దేన్నీ ఏదీ అడ్డగించకపోతే కదులుతూనే ఉంటుందన్న ఈ గుణాన్నే జడత్వం అంటాం. దీన్నే తర్వాత న్యూటన్ మొదటి గమన నియమంగా స్థిరపరిచాడు. దొర్లే బంతి ఆగిపోవడానికి కారణం బంతికి ఆగాలన్న స్వభావం ఉండటం కాదు, నేల ఘర్షణ.

ఆ పుస్తకంలో ఒక పొరపాటూ ఉంది. సముద్రపు పోటుపాట్లకు భూమి కదలికే కారణమని, అదే తన గట్టి రుజువని ఆయన అనుకున్నాడు. అది తప్పు. పోటుపాట్లకు ప్రధాన కారణం చంద్రుడి ఆకర్షణ. కెప్లర్ ఆ దారిలో చెప్పినా గెలీలియో ఒప్పుకోలేదు.

తీర్పు

భూమి తిరుగుతుందన్న మాటను సమర్థించరాదని 1616లోనే రోములో చర్చి పెద్దలు ఆయనను హెచ్చరించారు. 1632 పుస్తకం బయటికి రాగానే విచారణ మొదలైంది. దాదాపు అరవై తొమ్మిదేళ్ల వయసులో, ఆరోగ్యం బాగాలేకపోయినా, రోముకు వెళ్లక తప్పలేదు.

విచారణాధికారులు ఆ పుస్తకాన్ని ముగ్గురు పండితులకు ఇచ్చి చదివించారు. వారిలో ఒకరైన మెల్కియోర్ ఇంకోఫర్ తన నివేదికలో ఒక సంగతి ప్రత్యేకంగా ఎత్తి చూపాడు. గెలీలియో విదేశీ పండితుల కోసం కాక, సామాన్యులను తన వైపు తిప్పుకోవడానికే జనం భాషలో రాశాడన్నది ఆ అభియోగం. మరోలా చూస్తే, ఇంటి భాషకు ఎంత బలముందో ఎదుటివారే గుర్తించారన్నమాట.

1633 జూన్ 22న తీర్పు వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, తన అభిప్రాయాన్ని వదులుకుంటున్నట్టు చదవాల్సి వచ్చింది. పుస్తకాన్ని నిషేధించారు. తర్వాత జీవితమంతా గృహనిర్బంధమే. లేస్తూ లేస్తూ భూమి కదులుతూనే ఉందని గొణిగాడన్న కథకు నమ్మదగిన ఆధారం లేదు. ఆ రోజు ఆయన భయపడ్డాడు, లొంగాడు. అది దాచాల్సిన సంగతేమీ కాదు.

చివరి పుస్తకం

ఫ్లోరెన్స్ పక్కన ఆర్చేత్రిలో ఇల్లు. దగ్గరలోని మఠంలో ఆయన కూతుళ్లు ఇద్దరు సన్యాసినులు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డలు కాబట్టి, వారికి సంబంధాలు రావని చిన్న వయసులోనే తండ్రి మఠంలో చేర్చాడు. కూతుళ్లను అడిగి చేసిన పని కాదది. అయినా పెద్ద కూతురు మరియా చెలెస్తే తండ్రికి ప్రాణం. ఆమె రాసిన ఉత్తరాలు వందకు పైగా నేటికీ ఉన్నాయి. తండ్రి బట్టలు కుట్టేది, మందులు చేసి పంపేది, ఆయన శిక్షలో భాగమైన ప్రార్థనలను తాను చేస్తానని పూనుకుంది. తండ్రి ఇంటికి చేరిన కొద్ది నెలలకే, 1634 ఏప్రిల్‌లో, ముప్పై మూడేళ్లకే చనిపోయింది.

ఆ దుఃఖంలోంచే ఆయన తన అసలైన భౌతికశాస్త్ర గ్రంథం పూర్తి చేశాడు. వాలు బల్ల, లోలకం, విసిరిన గుండు పరావలయ మార్గం, పెద్ద జంతువు ఎముకలు ఎందుకు అంత లావుగా ఉండాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. ఇటలీలో అచ్చు వేసే వీలు లేదు. రాతప్రతి దేశం దాటింది. 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో పుస్తకం వెలువడింది. ముగ్గురు మిత్రుల సంభాషణ ఇటాలియన్‌లో, సిద్ధాంతాలు, రుజువులు లాటిన్‌లో. చివరికి రెండు భాషలనూ ఒకే పుస్తకంలో పక్కపక్కన కూర్చోబెట్టాడు. పుస్తకం చేతికి వచ్చేసరికి ఆయన చూపు పూర్తిగా పోయింది.

చూపు లేకున్నా ఆలోచన ఆగలేదు. లోలకంతో నడిచే గడియారం ఎలా చేయాలో కొడుకుకు వివరించాడు. యువకులు వివియానీ, తోరిచెల్లీ దగ్గరుండి రాసిపెట్టారు. 1642 జనవరి 8న ఆర్చేత్రిలో కన్నుమూశాడు. నిషేధిత గ్రంథాల జాబితా నుంచి ఆయన పుస్తకం పేరు తొలగడానికి 1835 దాకా ఆగాల్సి వచ్చింది. 1971లో చంద్రుడి మీద వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక సుత్తిని, ఒక ఈకను కలిపి వదిలాడు. గాలి లేని ఆ నేల మీద రెండూ ఒకేసారి పడ్డాయి.

మన బడికి

ఈ జీవితం నుంచి మన బడులు తీసుకోదగ్గవి ఉన్నాయి. మొదటిది ప్రయోగం. ఒక దారం, ఒక రాయి చాలు. దారం పొడవు 25 సెంటీమీటర్లు పెడితే పది పూర్తి ఊపులకు సుమారు 10 సెకన్లు పడుతుంది. మీటరు పెడితే సుమారు 20. రాయి మార్చినా అంతే. సగానికి చీల్చిన రెండు మీటర్ల పైపును కాస్త వాలుగా పెట్టి గోలీ దొర్లించి, మొత్తం దూరానికి ఎంత కాలమో, మొదటి అర మీటరుకు ఎంత కాలమో పిల్లల చేతే కొలిపించవచ్చు. దూరం నాలుగో వంతు అయితే కాలం సగం రావాలి. కొలత కొంచెం తేడా వస్తే ఎందుకు వచ్చిందో అడగాలి. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.

రెండోది భాష. త్వరణం అంటే వేగం పెరిగే రేటు అని ఇంటి మాటల్లో అర్థమైన పిల్లకు పేరు ఏ భాషలో చెప్పినా ఇబ్బంది ఉండదు. మరాఠీలో, ఒడియాలో అది త్వరణ. కన్నడంలో వేగోత్కర్ష, తమిళంలో ముడుక్కం, ఇంగ్లీషులో యాక్సిలరేషన్. నోటుపుస్తకంలో ఈ పేర్లకు పక్కపక్కన గడులు గీయించడం ఉపాధ్యాయులకు ఐదు నిమిషాల పని. అర్థం తెలియకుండా పేరు బట్టీ పట్టిన పిల్లకు మాత్రం ఏ భాషలోనూ అది రాదు.

మూడోది ఇంట్లో చేయాల్సింది. పడే రాయి గురించి, ఆగే బంతి గురించి పిల్లలు అడిగితే బడిలో అడుగు అని పంపేయకుండా, కలిసి రాయి వదిలి చూడాలి. గెలీలియో తండ్రి ఇంట్లో చేసింది అదే. తీగ బిగించాడు, బరువు కట్టాడు, చూశాడు.